పేరు మార్చి రాశాం

మా అపార్ట్‌మెంట్‌లో నాకొక గిన్నెల బాధ ఉంది. పై అంతస్తు వాళ్లకు పులిహోర పంపిస్తే గిన్నె తిరిగొస్తుంది గానీ నా గిన్నె రాదు. నా పేరు చెక్కించిన స్టీలు గిన్నె మెట్లెక్కి వెళ్తుంది, ఎవరి గృహప్రవేశంలోనో పంచిపెట్టిన గిన్నె మెట్లు దిగి వస్తుంది. సైజు అదే, బరువూ దాదాపు అదే. అడిగితే ఆవిడ, "ఏదైతే ఏంటండీ, గిన్నేగా" అంటారు. ఇప్పుడు నా వంటింట్లో ఉన్న గిన్నెల్లో ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఊళ్లో ఎక్కడెక్కడో నా పేరు మీద చారు కాగుతోంది.

ఇది పెద్ద బాధని నేననను. కాకపోతే పేర్లు తారుమారైన చోట "ఏదైతే ఏంటి" అనే మాట వింటే నాకు ఆ పూట అన్నం సయించదు. కారణం వృత్తికి సంబంధించినది.

నేను ముప్ఫై ఏళ్లు యూనివర్సిటీలో స్త్రీల గురించి పాఠాలు చెప్పాను. మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఈ మధ్య ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్, మాకు పనికొస్తాయి" అంది. పనికిరాకుండా పోవు. ఏం చేయకూడదో తెలుసుకోవడానికి నాకన్నా మంచి ఉదాహరణ దగ్గర్లో లేదు. ప్రమోషన్లూ కమిటీలూ వదిలేస్తున్నాను. వాటివల్ల నేనేమీ నేర్చుకోలేదు.

గది

డెబ్బైల మధ్యలో సంగతి. ప్రపంచమంతా మహిళా సంవత్సరం అంటుంటే మనం వెనకబడకూడదని మా యూనివర్సిటీ విజయవాడలో ఒక కాలేజీ మేడ మీద మాకో గది ఇచ్చింది. అంతకుముందు అది కెమిస్ట్రీ వాళ్ల సామాను గది. వాళ్లు సామాను తీసుకెళ్లారు గానీ వాసన వదిలి వెళ్లారు. మొదటి ఏడాదంతా స్త్రీల సమస్యలు చర్చించినప్పుడల్లా అందరి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. బయటివాళ్లు దాన్ని సానుభూతి అనుకునేవారు.

ఒక్క సబ్జెక్టు చాలదు, అన్ని శాఖలూ కలిసి పనిచేయాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఎకనామిక్స్, సోషియాలజీ, హోంసైన్స్, తెలుగు శాఖలు తలా ఒకరిని పంపాయి. ఏ శాఖా తనకు బాగా అవసరమైన మనిషిని పంపదు. తెలుగు నన్ను పంపింది. ఈ నలుగురూ కాక పైన డైరెక్టర్ గారు, ఆయనా ఎకనామిక్స్ నుంచి వచ్చిన మగవారే. అంత సీనియర్ ఆడవాళ్లు యూనివర్సిటీలో లేరు. ఎందుకు లేరన్నది మా మొదటి పరిశోధన కావలసింది. ఆ ప్రతిపాదన ఎవరూ పెట్టలేదు, నాతో సహా.

మొదటి బ్యాచ్‌లో ఆరుగురు. ఈ కోర్సు ఎందుకు తీసుకున్నారని అడిగాను. "మూడింటికల్లా అయిపోతుందని మేడమ్." "అబ్బాయిలుండరంటే మా నాన్నగారు ఒప్పుకున్నారండీ." వన్‌టౌన్‌లో గాజుల దుకాణం వాళ్లమ్మాయి రజియా మాత్రం ఎదురు ప్రశ్న వేసింది. "ఈ సబ్జెక్టులో తప్పు జవాబంటూ ఉంటుందా మేడమ్?"

"ఉండదమ్మా" అన్నాను.

ఆ గదిలో నేను చెప్పిన మొదటి తప్పు జవాబు అదే.

మీరు అనే మాట

మా మొదటి పెద్ద పని వరినాట్లకు, అక్కడివాళ్ల మాటలో ఊడ్పులకు, వెళ్లే ఆడవాళ్ల గురించి. ఉయ్యూరు దాకా బస్సు, అక్కణ్నుంచి కాలవ గట్టు మీద నడక. ఊరి పేరు రాయను. కనీసం ఈసారైనా ఆ జాగ్రత్త తీసుకుంటాను.

ఊరి చివర క్రైస్తవుల పేటలో ఊడ్పుల ముఠాకు పెద్ద సువార్తమ్మ. ఆ ముఠాలో అయిదేళ్లకు తగ్గకుండా మడిలో దిగినవాళ్లను పన్నెండు మందిని లిస్టులో రాసుకున్నాం. మాలో ఎకనామిక్స్ ఆయన వాళ్ల పనిగంటలు అడిగేవాడు, సోషియాలజీ ఆయన కులం అడిగేవాడు, హోంసైన్స్ ఆవిడ ఆకుకూరలు అడిగేది, నేను పాటలు అడిగేదాన్ని. ఒక్కో మనిషినీ నాలుగు ముక్కలు చేసి నాలుగు ఫైళ్లలో పెట్టుకున్నాం. మళ్లీ కలిపి కుట్టే పని ఏ శాఖదో చివరిదాకా తేలలేదు.

మొదటిరోజు నేను సువార్తమ్మను, "మీరు ఎన్నేళ్ల నుంచి ఊడ్పులకు వెళ్తున్నారండీ?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఎవర్నండీ అడుగుతున్నారు?"

"మిమ్మల్నే."

"నేనొక్కదాన్నే ఉన్నానుగా. మీరు మీరు అంటే ఇంకెవరో ఉన్నారనుకున్నా."

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను కూడా, ఎంత మర్యాదగా మాట్లాడానో గుర్తుండాలని.

మేం వెళ్లినప్పుడల్లా చాప పరిచి, ముంతతో మంచినీళ్లు తెచ్చిపెట్టే చిన్న వయసు కోడలు ఒకామె ఉండేది. పేటలో అందరూ ఆమెను 'గుణదలామె' అనేవాళ్లు. కోడలిగా వచ్చినవాళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలవడం అక్కడ మామూలే. గుడ్లవల్లేరామె, పామర్రామె కూడా ఉన్నారు. గుణదలామె చివర్న కూర్చుని వినేది, ఏమీ మాట్లాడేది కాదు. ఊడ్పులకు కొత్త కాబట్టి మా లిస్టులో లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో రజియా నోటుబుక్కు తిరగేస్తూ, "మేడమ్, గుణదలామె పేరేంటో రాసుకోలేదు మనం" అంది.

"ఆమె లిస్టులో లేదుగా."

"లిస్టులో లేకపోయినా చాప వేసింది కదా మేడమ్."

నేను కిటికీలోంచి చెరకు లారీలు చూస్తూ కూర్చున్నాను. అవి ఆసక్తికరంగా ఉన్నాయని కాదు.

నల్లమందు

మూడోసారి వెళ్లినప్పుడు వాన. సువార్తమ్మ వసారాలో నేనూ రజియా ఇరుక్కుపోయాం. మిగతా ముగ్గురు బురద చూసి ఉయ్యూరులోనే ఆగిపోయారు. అడక్కుండానే ఆమె చెప్పింది.

"బిడ్డని గట్టు మీద పడుకోబెట్టి మడిలో దిగుతామండీ. ఏడిస్తే పైకి రావాలి. పైకొస్తే వరస ఆగుద్ది. వరస ఆగితే రేపట్నుంచి పిలవరు. అందుకని ఇంత నల్లమందు పాలల్లో రంగరించి నాకించేదాన్ని, నిద్దరోద్దని. అందరూ చేసేదే, ఎవరూ చెప్పరు. ఒకరోజు కాస్త ఎక్కువైంది. మర్నాటి దాకా లేవలా. చచ్చిపోయిందనుకున్నా. లేచింది. లేచింది గానీ, నా కూతురు ఇప్పటికీ మాట తడుముకుంటదండీ. పదేళ్లొచ్చినయ్. నా పెనిమిటికి కూడా తెలవదు."

తర్వాత ఆమె రజియా చేతిలోని పెన్ను వైపు చూసింది.

"రాసుకోండి. రాసుకుంటే ఎవరన్నా ఏదన్నా చేస్తారేమో. నా పేరు మాత్రం రాయమాకండి."

"రాయం" అని మాటిచ్చాను. తనంతట తాను బయటపెట్టేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను. ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

లూర్దమ్మ

పేరు మార్చాలి. క్రైస్తవుల పేరే ఉండాలి, లేకపోతే నప్పదు. నేను సత్యనారాయణపురంలో బ్రాహ్మల ఇళ్ల మధ్య పెరిగిన మనిషిని. క్రైస్తవుల పేర్ల గురించి నాకున్న పరిజ్ఞానమంతా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లలో మైకులోంచి వచ్చింది. "లూర్దమ్మా, నీకోసం మీవాళ్లు మైకు దగ్గర ఎదురుచూస్తున్నారు." అరగంటకో లూర్దమ్మ తప్పిపోయేది. అంతమంది లూర్దమ్మల్లో ఒకరిని ఎవరు పట్టుకోగలరు? ఆ పేరు పెట్టాను. తెలివైన పని చేశాననుకుని టీ తాగాను.

నాకు తెలియనిదేమిటంటే, లూర్దమ్మ కేథలిక్కుల పేరు. ఆ పేట ప్రొటెస్టెంట్లది. అక్కడ పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు ఎవరూ పెట్టరు. పెళ్లి చేసుకుని గుణదల నుంచి వస్తే తప్ప ఆ పేరు ఆ పేటలో ఉండదు.

నాలుగు శాఖల వాళ్లం చదివాం ఆ రాతప్రతిని. ఈ తేడా తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. డైరెక్టర్ గారికి వాళ్లంతా 'వాళ్లు'. నాకూ అంతే, కాకపోతే నేను 'మీరు' అనేదాన్ని.

ఇంగ్లీషు నివేదిక ఎవరూ చదవలేదు. అలాగే ఉండనిచ్చినా బాగుండేది. "ప్రజలకు చేరాలమ్మా, తెలుగులో చిన్న పుస్తకం వేద్దాం. ఆ నల్లమందు ఘట్టం బ్రహ్మాండంగా ఉంది, ముందు పెట్టండి" అన్నారు డైరెక్టర్ గారు. పెట్టాను. అట్ట మీద నా పేరు వేశారు. వద్దనలేదు. 'ఇందులోని పేర్లు మార్చి రాశాం' అని ముందుమాటలో స్పష్టంగా రాశాను. ముందుమాట ఎవరూ చదవరన్న సంగతి ముందుమాట రాసేవాళ్లకు తప్ప అందరికీ తెలుసు.

ఒక పత్రిక ఆ ఘట్టాన్ని ఎత్తి వేసుకుంది. 'ఉయ్యూరు దగ్గర పేటలో లూర్దమ్మ' అని ఉంది. చోటు చాలక, బిడ్డ లేచిందన్న దగ్గర్నుంచి చివరిదాకా కత్తిరించారు. 'మర్నాటి దాకా లేవలేదు' అన్న చోట 'లేవలేదు' మిగిలింది. ఆ మిగిలిన వాక్యంలోనూ రెండు మాటలు తీసేశారు. తెలుగులో రెండు మాటలు తీసేస్తే ఒక బిడ్డ చనిపోతుంది.

వారం తర్వాత సువార్తమ్మ మా మేడ మెట్లెక్కి వచ్చింది. ఆమె విజయవాడ రావడమే అరుదు. కొంగు ముడి విప్పి పత్రిక ముక్క నా బల్ల మీద పెట్టింది.

"పంతులమ్మగారూ, లూర్దమ్మ ఎవరండీ?"

"ఎవరూ కాదు సువార్తమ్మా. మీ పేరు తెలియకూడదని ఊరికే పెట్టిన పేరు."

"మా గుణదలామె పేరు లూర్దమ్మండీ."

నేను కూర్చునే ఉన్నాను గనక కూలబడాల్సిన అవసరం రాలేదు.

మిగతాది కూడా ఆమే చెప్పింది. పోయిన వానాకాలంలో గుణదలామె తొలిచూలు బిడ్డ జ్వరమొచ్చి పోయింది. మేం ఆ సంగతి అడగలేదు, ఆమె లిస్టులో లేదుగా. ఇప్పుడు కాలవ లాకుల దగ్గర టీ కొట్లో పత్రిక చదివి వినిపిస్తున్నారు. జ్వరం కాదట, నల్లమందట, విజయవాడ నుంచి వచ్చినోళ్లకు చెప్పుకుందట, అందుకేనట చాపలు పరిచింది. అత్త పలకడం లేదు. మొగుడు ఏసుపాదం ఆమె వండింది ముట్టడం లేదు.

అయితే ఎవరు?

డైరెక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"పేరు మార్చామా లేదా?" అన్నారు ఆయన.

"మార్చాం. అది ఇంకొకావిడ పేరండీ."

"కాకతాళీయం. మన ధర్మం మనం చేశాం. మళ్లీ ముద్రణలో చూద్దాం."

మళ్లీ ముద్రణ రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. నా ఉద్యోగ జీవితంలో చెడ్డవాళ్లు పెద్దగా తగల్లేదు. ధర్మం చేసేసినవాళ్లే తగిలారు.

మర్నాడు సువార్తమ్మతోపాటు పేటకు వెళ్లాను. చర్చి ముందు జనం చేరారు. గుణదలామె చర్చి పక్కనే ఉన్న తన ఇంటి గుమ్మంలోనే నిలబడింది. చాప పరవలేదు. నేను పుస్తకం చూపించి, అందులోది కల్పిత పేరనీ, ఈ అమ్మాయికీ ఆ కథకూ సంబంధం లేదనీ చెప్పాను. బాగానే చెప్పాను. చెప్పడం నా వృత్తి.

ఏసుపాదం అంతా విన్నాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఈమె కాదంటున్నారు. సరేనండీ. అయితే ఎవరు?"

నా దగ్గర జవాబుంది. చెప్పనని మాట కూడా ఇచ్చి ఉన్నాను. ఇద్దరు ఆడవాళ్లు నాకు చెరోపక్కా ఉన్నారు, ఒకరిని బయట పడేయాలంటే రెండో ఆవిడను తొయ్యాలి. సువార్తమ్మ వైపు చూడకూడదని నేల చూపులు చూశాను. నేల చూపులు చూసేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే లెక్క, ఎక్కడైనా.

"నేనేరా" అంది సువార్తమ్మ. "పెట్టింది నేను. నా కూతురికి. ఇంక వదిలేయండి దాన్ని."

నమ్ముతారనుకున్నాను. చర్చి పెద్ద జాలిగా తల ఊపాడు.

"నీ మనసు మంచిది సువార్తా. అచ్చులో నీ పేరు లేదుగా. నీ కూతురు బతికే ఉంది. పత్రికలోది లేవలేదని ఉంది."

అప్పుడు నేను నోరు తెరిచాను. "అవునండీ, ఈమే చెప్పింది, నేను విన్నాను. పుస్తకంలో బిడ్డ లేచిందనే ఉంది" అన్నాను.

"ఇందాక ఎవరూ కాదన్నారు, ఇప్పుడు ఈమేనంటున్నారు. మీరు ఏ మాట మీదుంటారండీ?" అన్నాడు ఏసుపాదం.

అతణ్ని నేను తప్పుపట్టలేను. నా విద్యార్థి అయితే మంచి మార్కులు వేసేదాన్ని. అచ్చయిన మాటకూ ఆడదాని నోటి మాటకూ తేడా వస్తే ఏది నమ్మాలో లోకానికి ఎప్పుడూ సందేహం లేదు. మేం ఆ గది తెరిచింది ఆ అలవాటు మాన్పించడానికి. అచ్చు వేసి దాన్ని ఇంకాస్త గట్టి చేశాం.

గుంపులో ఒక పదేళ్ల పిల్ల నిలబడి తల్లిని చూస్తోంది. ఏదో అడగబోయింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

ఆ వారంలోనే లూర్దమ్మను పుట్టింట దిగబెట్టి వచ్చాడు ఏసుపాదం. నేను పత్రికకు ఉత్తరం రాశాను. లోపలి పేజీలో, పోయిన గొడుగు ప్రకటన కింద, పేరు కల్పితమని వేశారు. పేటలో దానికి చెప్పుకున్న అర్థం, 'పెద్దోళ్లు సర్దేస్తున్నారు' అని.

కొత్తగా చేరేవాళ్లకు

పేరు మార్చడం మన మనశ్శాంతికే తప్ప వాళ్ల రక్షణకు పనికిరాదు. ఎవర్ని ఇంటర్వ్యూ చేశారో కాదు, ఎవరి పేరు అడక్కుండా నీళ్లు తాగారో ముందు ఆ జాబితా రాసుకోండి. ఇప్పుడు మీకు ఫారాలున్నాయనీ, సంతకాలు తీసుకుంటారనీ విన్నాను. సంతోషం. లూర్దమ్మ సంతకం ఎవరూ తీసుకోరు. ఆమె లిస్టులో ఉండదు.

రజియా ఎం.ఏ. పూర్తిచేసింది గానీ పరిశోధనలోకి రానంది. "తప్పు జవాబుంటుందని తెలిసిపోయింది కదా మేడమ్" అంది. స్కూల్లో లెక్కలు చెప్పుకుంది. నా విద్యార్థుల్లో నాకు గౌరవం మిగిలింది ఆ పిల్ల మీదే.

ఆ పుస్తకం నాకు మేలే చేసింది. ఇంతకన్నా రాయను. ఇప్పటికీ లైబ్రరీలో ఉంది, దాన్ని ఉటంకించేవాళ్లున్నారు. 'లూర్దమ్మ ఉదంతం' అని ఒక పేరు కూడా స్థిరపడింది. తీసేయమని రెండుసార్లు అడిగాను. వినయం అనుకున్నారు.

కొండ కింద

ఆ గొడవ జరిగిన మరుసటి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లాను. భక్తితో కాదు. మెట్ల కింద కొవ్వొత్తుల బల్ల దగ్గర లూర్దమ్మ కూర్చుని ఉంది. పక్కన సువార్తమ్మ. ఆ పేట వాళ్లు ఆ కొండకు రారు. ఆమె ఒక్కతే వచ్చింది, అడపాదడపా వస్తూనే ఉందట.

మైకులో ఎవరినో పిలుస్తున్నారు. ఆ పేరే. లూర్దమ్మ తలెత్తలేదు.

నేను క్షమించమన్నాను. ఆ మాట ఆ గోలలో చాలా చిన్నగా వినిపించింది.

"ఎందుకులెండి" అంది ఆమె. అంతకుముందు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కొవ్వొత్తులు సర్దుతూనే ఉంది. "అంత చదువుకున్నోళ్లు రాశారు. నేనే పెట్టి మర్చిపోయానేమోనండీ. అప్పుడు మనసు మనసులో లేదు."

"లేదమ్మా! నువ్వు పెట్టలేదు. అది నేను..."

"అచ్చులో ఉందిగా" అంది, నన్ను ఊరడిస్తున్నట్టు.

సువార్తమ్మ నా సంచీ వైపు చెయ్యి చాచింది. పుస్తకం అందులోనే ఉంది, ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. ఆమెకు చదువు రాదు. అట్ట మీద పెద్దక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదేందండీ?"

"పుస్తకం పేరు."

వేలు కిందికి జరిగింది. "ఇది?"

"నా పేరు."

ఆమె ఆ అక్షరాల మీద వేలు అలాగే ఉంచింది. లూర్దమ్మ వైపు ఒకసారి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అందరి పేర్లూ మార్చారుగా. మీదెందుకు మార్చలేదండీ?"